రూట్ ఫైల్‌సిస్టమ్‌ను పార్టిషన్‌కే బిగించాలన్న వాదం: ఒక ఖండన

లినక్స్ సర్వర్ల నిర్వహణలో ఉన్నవారు కొత్తగా చేరినవారికి మొదట్లోనే నూరిపోసే సూత్రాల్లో ఒకటి ఇది: డేటాను లాజికల్ వాల్యూమ్‌ల మీద ఎంతైనా పెట్టుకోవచ్చు గాని, రూట్ ఫైల్‌సిస్టమ్‌ను మాత్రం సాదా పార్టిషన్ మీదనే ఉంచాలి. దీనికి చెప్పే కారణం వినడానికి నిర్వివాదంగా ఉంటుంది. రూట్ అన్నది యంత్రానికి ప్రాణాధారం; అది దొరకకపోతే యంత్రం లేవదు; కాబట్టి దానికీ డిస్కుకూ మధ్య ఎన్ని తక్కువ పొరలుంటే అంత క్షేమం. ఇందులో మొదటి రెండు మాటలూ నిజమే గాని, వాటి నుంచి మూడో మాట రాదు. రూట్‌కు ఉన్న ప్రాధాన్యాన్ని సరిగా లెక్కలోకి తీసుకుంటే ఈ సూత్రానికి పూర్తిగా ఎదురైన నిర్ణయానికే చేరవలసి ఉంటుంది: ఒక యంత్రంలో లాజికల్ వాల్యూమ్ అవసరం అన్నిటికంటే ఎక్కువగా ఉన్న ఫైల్‌సిస్టమ్ రూట్ ఫైల్‌సిస్టమే.

చర్చకు ముందు పదాల అర్థాలు స్థిరపడాలి. రూట్ ఫైల్‌సిస్టమ్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లోని డైరెక్టరీలన్నిటికీ మొదలుగా, ఒంటి స్లాష్ గుర్తుతో సూచించే చోట అమరే ఫైల్‌సిస్టమ్. ప్రోగ్రాములు, లైబ్రరీలు, కాన్ఫిగరేషన్ ఫైళ్లు, ప్రత్యేకంగా వేరుచేయకపోతే లాగ్‌లూ ప్యాకేజీల నిల్వలూ కూడా దానిలోనే ఉంటాయి. పార్టిషన్ అంటే డిస్కులో ఒక సెక్టారు నుంచి మరో సెక్టారు దాకా ఏకఖండంగా కేటాయించిన భాగం. దాని మొదలూ నిడివీ డిస్కు ఆరంభంలోని ఒక పట్టికలో రాసి ఉంటాయి. లాజికల్ వాల్యూమ్ మేనేజర్, అంటే వాడుకలో ఎల్‌వీఎం, ఒకటి లేక అనేక పార్టిషన్లను ఫిజికల్ వాల్యూమ్‌లుగా స్వీకరించి, వాటిని వాల్యూమ్ గ్రూప్ అనే ఒకే నిల్వగా కలిపి, ఆ నిల్వను ఎక్స్‌టెంట్లు అనే సమాన పరిమాణపు ముక్కలుగా, మామూలుగా ఒక్కొక్కటి 4 మెబీబైట్ల చొప్పున, విభజించి, అడిగినన్ని ముక్కలను ఒక పేరు కింద చేర్చి ఇస్తుంది. అలా పేరు పొందిన ముక్కల సముదాయమే లాజికల్ వాల్యూమ్. ఫైల్‌సిస్టమ్‌కు అది పార్టిషన్ లాగే ఒక డిస్కుగా కనిపిస్తుంది; లోపలి ముక్కలు వరసగా ఉన్నాయా, చెల్లాచెదరుగా ఉన్నాయా, ఏ డిస్కులో ఉన్నాయి అన్నది దానికి తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు.

పొర అన్న మాట చుట్టూ అల్లుకున్న భయంలో ఎక్కువ భాగం ఆ పొర చేసే పని ఏమిటో చూడకపోవడం వల్ల కలిగినది. లినక్స్ కెర్నల్‌లో ఈ పనిని నిర్వహించే భాగం పేరు డివైస్ మ్యాపర్. మామూలు లాజికల్ వాల్యూమ్‌కు అది ఉంచుకునే పట్టికలో ప్రతి వరుసా నాలుగు సంగతులే చెబుతుంది: వాల్యూమ్‌లో ఎక్కడ మొదలు, ఎంత నిడివి, కింద ఏ పరికరం, ఆ పరికరంలో ఎక్కడి నుంచి. చదవమనో రాయమనో వచ్చిన ప్రతి అభ్యర్థనలోని సెక్టారు సంఖ్యను ఈ వరుస ప్రకారం సవరించి కింది పరికరానికి అందించడంతో దాని పని ముగుస్తుంది. పొరలు వద్దనే వాదం మరచిపోయే సంగతి ఒకటుంది: పార్టిషన్ మీద ఉన్న ఫైల్‌సిస్టమ్ విషయంలో కూడా కెర్నల్ చేసేది ఇదే కూడిక. పార్టిషన్‌లోని సెక్టారు సంఖ్యకు పార్టిషన్ మొదలైన స్థానాన్ని కలిపి డిస్కుకు పంపుతుంది. పార్టిషన్ కూడా ఒక అనువాద పొరే. ఒకే వరుస ఉన్న, ఎన్నటికీ రెండో వరుస చేర్చుకోలేని పట్టిక అది. వేగం తగ్గుతుందన్న ఆక్షేపణకు కూడా ఇక్కడే జవాబు ఉంది కాబట్టి దాని మీద మరింత కాలం గడపనక్కర లేదు.

పొరలు వద్దనే ఈ వాదాన్ని వినిపించేవారిలో చాలామంది, ల్యాప్‌టాప్‌లోనో సర్వర్‌లోనో రూట్‌ను ఎన్‌క్రిప్ట్ చేయడానికి ఏమాత్రం వెనుకాడరు. లినక్స్‌లో ఆ ఎన్‌క్రిప్షన్ జరిగేది డీఎం-క్రిప్ట్ ద్వారా. అది డివైస్ మ్యాపర్‌లోని మరో విభాగం. సెక్టారు సంఖ్యను మార్చడమే కాకుండా సెక్టారులోని ప్రతి అక్షరాన్నీ మార్చే పొరను రూట్ కింద అంగీకరించి, సంఖ్యను మాత్రమే మార్చే పొరను ప్రమాదకరమనడంలో పొంతన లేదు. డెబియన్ ఇన్‌స్టాలర్ 2007 నాటి ఎచ్ విడుదల నుంచే ఎన్‌క్రిప్ట్ చేసిన ఎల్‌వీఎం అమరికను సిద్ధంగా అందిస్తోంది; అందులో ఒకే రహస్యపదంతో తెరుచుకునే ఒక పెట్టెలో రూట్, స్వాప్ రెండూ లాజికల్ వాల్యూమ్‌లుగా ఉంటాయి. వాటిని విడివిడి పార్టిషన్లుగా ఎన్‌క్రిప్ట్ చేయాలంటే రెండు తాళాలు పెట్టాలి, రెండింటినీ కాపాడాలి.

అంతకంటే బలమైన సాక్ష్యం ఈ వ్యాసం చదువుతున్న చాలామంది చేతిలోనే ఉంది. ఆండ్రాయిడ్ 10తో 2019 నుంచి విడుదలైన ఫోన్లలో సిస్టమ్, వెండర్, ప్రొడక్ట్ అనే భాగాలకు డిస్కు పట్టికలో విడివిడి పార్టిషన్లు ఉండవు. సూపర్ అనే ఒకే పెద్ద పార్టిషన్ ఉంటుంది; ఫోన్ లేచేటప్పుడు మొట్టమొదట నడిచే ఇనిట్ ప్రోగ్రాము దాని ఆరంభంలోని వివరాలను చదివి, డివైస్ మ్యాపర్ చేత పైన చెప్పిన పట్టికలనే కట్టించి, వాటి మీదున్న సిస్టమ్‌ను రూట్‌గా నిలబెడుతుంది. ఆ వివరాలను రాసే పద్ధతి ఆండ్రాయిడ్ సొంతం, ఎల్‌వీఎంది కాదు; కాని కెర్నల్‌లో పనిచేసే యంత్రాంగం రెండింటికీ ఒకటే. ఆండ్రాయిడ్ ఈ మార్పుకు పూనుకోవడానికి కారణం ఫ్యాక్టరీలో ఒకసారి గీసిన పార్టిషన్ గీతలు, ఏళ్ల తరవాత వచ్చే పెద్ద అప్‌డేట్‌కు సరిపోకపోవడం. ఏ నిపుణుడూ పక్కన లేకుండా, రిపేరు చేసే అవకాశమే దాదాపు లేకుండా, సామాన్యుల చేతుల్లో నడిచే పరికరాలకు ఈ అమరిక తగినంత భద్రమని తేలాక, శిక్షణ పొందిన నిర్వాహకుడున్న సర్వర్‌కు అది భద్రం కాదనడానికి కొత్త ఆధారం ఏదైనా చూపాలి.

రూట్‌ను లాజికల్ వాల్యూమ్ మీద పెట్టడం లినక్స్ ఔత్సాహికులు కనిపెట్టిన సాహసమన్న భావన కూడా చరిత్రకు నిలబడదు. ఐబీఎం తన ఏఐఎక్స్ మూడో వెర్షన్‌ను 1990లో ఆర్‌ఎస్/6000 యంత్రాలతో విడుదల చేసినప్పుడే లాజికల్ వాల్యూమ్‌లను ఆ వ్యవస్థకు పునాదిగా చేసింది. అక్కడ సిస్టమ్ డిస్కు రూట్‌వీజీ అనే వాల్యూమ్ గ్రూప్. రూట్ ఫైల్‌సిస్టమ్ హెచ్‌డీ4 అనే లాజికల్ వాల్యూమ్. చివరికి బూట్ ఇమేజ్ కూడా హెచ్‌డీ5 అనే లాజికల్ వాల్యూమే. హెచ్‌పీ-యూఎక్స్‌లోనూ వీజీ00 అనే గ్రూపులో రూట్ ఉండటం రివాజు. బ్యాంకులు, టెలిఫోన్ కంపెనీలు తమ లెక్కలను అప్పగించిన యంత్రాలివి. లినక్స్‌కు తొలి ఎల్‌వీఎంను హైన్స్ మావెల్స్‌హాగెన్ 1998లో రాసింది హెచ్‌పీ-యూఎక్స్ పద్ధతిని ఆదర్శంగా తీసుకునే. అది 2001 జనవరిలో వచ్చిన 2.4 కెర్నల్‌లో చేరింది. డివైస్ మ్యాపర్ మీద ఆధారపడిన రెండో రూపం 2003 చివర వచ్చిన 2.6 కెర్నల్‌తో స్థిరపడింది.

అయితే పాత సూత్రానికి ఒకప్పుడు ఆధారం ఉండేది, దాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. పాత గ్రబ్ బూట్‌లోడర్ లాజికల్ వాల్యూమ్‌లను చదవలేకపోయేది కాబట్టి కెర్నల్ ఉండే బూట్ డైరెక్టరీని వేరే పార్టిషన్‌లో పెట్టక తప్పేది కాదు. దానికంటే గంభీరమైన లోపం మరొకటి: డిస్కు తన కాష్‌లో ఉంచుకున్న రాతలను నిర్ణీత క్రమంలో శాశ్వతం చేయమని ఫైల్‌సిస్టమ్ పంపే ఆదేశాలను, అంటే రైట్ బ్యారియర్లను, తొలినాళ్ల డివైస్ మ్యాపర్ కిందికి అందించేది కాదు, కరెంటు పోతే ఫైల్‌సిస్టమ్ చెడే అవకాశం దానివల్ల పెరిగేది. ఆ లోపాన్ని 2009, 2010 సంవత్సరాల్లో వచ్చిన కెర్నల్‌లలో సరిదిద్దారు. గ్రబ్ రెండో తరం లాజికల్ వాల్యూమ్‌లను చదవగలదు. నేటి సర్వర్లలో ఆ పాత కెర్నల్‌లూ లేవు, ఆ పాత బూట్‌లోడరూ లేదు. వాటి నుంచి పుట్టిన నిషేధం మాత్రం కారణాన్ని పోగొట్టుకుని కూడా బతికి ఉంది.

ఇక అసలు విషయం. డేటా ఉన్న ఫైల్‌సిస్టమ్‌కు చోటు చాలకపోతే ఆ సేవను కాసేపు నిలిపి, ఫైల్‌సిస్టమ్‌ను అన్‌మౌంట్ చేసి, మరో డిస్కుకు నకలు తీసి, కొత్త చోట మౌంట్ చేయవచ్చు. యంత్రం నడుస్తూనే ఉంటుంది, మిగతా సేవలూ నడుస్తూనే ఉంటాయి. రూట్‌కు ఆ వెసులుబాటు లేదు. నడుస్తున్న యంత్రం కింది నుంచి దాన్ని తీయలేరు. దాన్ని కదిలించాలంటే యంత్రాన్ని ఆపి, వేరే మాధ్యమం నుంచి లేపి, పని ముగించి, మళ్లీ లేపాలి. నిర్వహణలో కదిలించడానికి అన్నిటికంటే కష్టమైన ఫైల్‌సిస్టమ్‌నే కదలడానికి అన్నిటికంటే వీలులేని అమరికలో బిగించి, సులభంగా కదిలేవాటికి మాత్రం కదిలే వీలును కల్పించాలని ఈ సూత్రం చెబుతోంది. రూట్ ముఖ్యమైనది కాబట్టి దాన్ని ముట్టుకోకుండా ఉంటే చాలన్న ఊహ దాని వెనక ఉంది. కాని రూట్‌ను ముట్టుకోవలసిన రోజు వచ్చి తీరుతుంది, అది నిర్వాహకుడు ఎంచుకున్న రోజు కాదు.

రూట్ ఎలా నిండుతుందో తెలిసినవారికి ఈ మాట అతిశయోక్తిగా అనిపించదు. ఏదో ఒక సేవ తప్పు సందేశాలను ఎడతెగకుండా లాగ్‌లోకి కుమ్మరిస్తుంది. కంటెయినర్ల ఇమేజ్‌లు వార్ డైరెక్టరీ కింద పేరుకుపోతాయి. తరవాతి పెద్ద విడుదలకు మారాలంటే ప్యాకేజీలన్నీ దింపుకోవడానికి కొన్ని గిగాబైట్ల ఖాళీ ఒకేసారి కావాలి. అయిదేళ్ల కిందట యంత్రాన్ని అమర్చినప్పుడు ఉదారంగా ఇచ్చామనుకున్న పరిమాణం ఇవాళ ఇరుకవుతుంది. అప్పుడు పార్టిషన్ మీద ఉన్న రూట్‌ను పెంచాలంటే దాని చివరి సెక్టారును ఆనుకునే ఖాళీ ఉండాలి. పక్క పొలం వేరేవారిదైతే గట్టు జరపలేనట్టే, ఆ వెంటనే స్వాప్ పార్టిషనో హోమ్ పార్టిషనో ఉంటే, డిస్కులో మరోచోట వంద గిగాబైట్లు పడివున్నా రూట్‌కు అవి అందవు. లాజికల్ వాల్యూమ్ మీద ఉన్న రూట్‌కు ఈ ఇరుగుపొరుగు సమస్య లేదు. వాల్యూమ్ గ్రూపులో ఎక్కడున్న ఎక్స్‌టెంట్లయినా సరిపోతాయి; ఎల్‌వీఎక్స్‌టెండ్ అనే ఒక్క ఆదేశం వాల్యూమ్‌నూ, దానిమీది ఫైల్‌సిస్టమ్‌నూ కలిపి, యంత్రం నడుస్తుండగానే, ఈఎక్స్‌టీ4 అయినా ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయినా, పెంచుతుంది.

ఈ వాదానికి ఎదురుగా తరచూ నిలిపే మొదటి ఆక్షేపణ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ గురించి. కెర్నల్ లేవగానే, అసలు రూట్ దొరికేలోగా, మెమరీలోనే తెరుచుకునే చిన్న తాత్కాలిక ఫైల్‌సిస్టమ్ అది. రూట్‌ను వెతికి మౌంట్ చేయడానికి కావలసిన డ్రైవర్లూ ప్రోగ్రాములూ అందులో ఉంటాయి. డిస్కు మీది ఎల్‌వీఎం వివరాలను చదివి పట్టికలు కట్టే పని కెర్నల్ స్వయంగా చేయదు, ఈ తాత్కాలిక దశలోని ప్రోగ్రామే చేయాలి. అది చెడితే రూట్ దొరకదు అన్నది ఆక్షేపణ. నిజమే. కాని సాదా పార్టిషన్ మీద రూట్ పెట్టుకున్నవారు ఈ దశ నుంచి విముక్తులయ్యారా? నేటి డిస్ట్రిబ్యూషన్లు డిస్కు డ్రైవర్లను చాలావరకు విడి మాడ్యూళ్లుగా ఇస్తాయి. అవి ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ లోంచే రావాలి. రూట్‌ను సూచించడానికి అందరూ వాడే ఫైల్‌సిస్టమ్ యూయూఐడీని, అంటే ఫైల్‌సిస్టమ్‌కు ముద్రవేసిన విశిష్ట సంఖ్యను, కెర్నల్ తనంతట తాను గుర్తించలేదు. దాన్ని వెతికిపెట్టేది కూడా ఈ తాత్కాలిక దశే. కాబట్టి ఈ ఆధారం రెండు పక్షాలకూ సమానంగా ఉంది; ఎల్‌వీఎం దానికి చేర్చేది మరో ప్రోగ్రామును మాత్రమే. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అసలే లేకుండా నడిపే చిన్న పరికరాల కోసం 2019 నాటి 5.1 కెర్నల్ నుంచి డివైస్ మ్యాపర్ పట్టికను బూట్ ఆదేశంలోనే రాసి ఇచ్చే వీలు కూడా ఉంది, అయితే సర్వర్లకు దాన్ని ఎవరూ సిఫారసు చేయరు.

రెండో ఆక్షేపణ మరింత ఆలోచించదగినది: యంత్రం లేవనప్పుడు, సాదా పార్టిషన్ అయితే ఏ లైవ్ మాధ్యమంతోనైనా తెరవవచ్చు గాని, లాజికల్ వాల్యూమ్ అయితే మరమ్మతు కష్టం. ఇందులో రెండు వేరు వేరు సంగతులు కలగలిసి ఉన్నాయి. మొదటిది, బాగానే ఉన్న వాల్యూమ్‌ను బయటి నుంచి తెరవడం. ప్రధాన డిస్ట్రిబ్యూషన్ల రెస్క్యూ మాధ్యమాల్లో ఎల్‌వీఎం సాధనాలు ఉంటాయి. వీజీచేంజ్ అనే ఆదేశంతో గ్రూపును క్రియాశీలం చేస్తే వాల్యూమ్‌లు తమ పేర్లతో కనిపిస్తాయి. డ్రాకట్ అనే సాధనం నిర్మించే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఇబ్బంది పడి అత్యవసర షెల్ వద్ద ఆగిపోయినా, అక్కడ ఉన్న ఎల్‌వీఎం ప్రోగ్రాముతో అదే పని చేసి, బయటి మాధ్యమం అవసరమే లేకుండా బూట్‌ను కొనసాగించవచ్చు. మరమ్మతు మాధ్యమంలో డిస్కు పేర్లు మారిపోయి, ఏ పార్టిషన్ రూట్‌దో ఏది పాత బ్యాకప్‌దో తేల్చుకోవలసి వచ్చినప్పుడు, రూట్ అని పేరున్న వాల్యూమ్ కనిపించడం మరమ్మతుకు మేలే చేస్తుంది. దీనికి చెల్లించే మూల్యం ఒక ఆదేశాన్ని ముందుగా నేర్చుకోవడం.

రెండో సంగతి, ఎల్‌వీఎం వివరాలే చెడిపోవడం. ఇక్కడ ప్రచారంలో ఉన్న ఊహ వాస్తవానికి తలకిందులుగా ఉంది. ఎల్‌వీఎం రెండో రూపం తన వివరాలను మనిషి చదవగలిగే సాదా అక్షరాల్లో, సాధారణంగా ఫిజికల్ వాల్యూమ్‌లోని మొదటి మెబీబైటు లోపల, రాసుకుంటుంది. ప్రతి మార్పుకూ పాత ప్రతిని చెరిపివేయకుండా దాని తరవాతి చోట కొత్త ప్రతిని రాస్తూ, చోటు అయిపోయాక మళ్లీ మొదటికి వస్తుంది. కాబట్టి గతంలోని అనేక ప్రతులు డిస్కు మీదే మిగిలి ఉంటాయి. వీటిని వెతికి తీయడానికి పీవీసీకే అనే సాధనం ఉంది. గ్రూపులో రెండు డిస్కులుంటే రెండింటిలోనూ ప్రతులుంటాయి. ఇవి కాక ప్రతి మార్పుకు ముందూ తరవాతా ఎట్‌సీ డైరెక్టరీ కింది ఎల్‌వీఎం ఫోల్డరులో తేదీతో సహా ఫైళ్లు పడతాయి. వాటి నుంచి అమరికను పునరుద్ధరించే ఆదేశం వేరుగా ఉంది. పాత ఎంబీఆర్ పార్టిషన్ పట్టికకు డిస్కు మొదటి సెక్టారులో ఉన్న ఒక్క ప్రతి తప్ప వేరే లేదు; జీపీటీకి డిస్కు చివర మరో ప్రతి ఉంది గాని, గతం నాటి రూపం ఎక్కడా ఉండదు. పట్టికను పొరపాటున మార్చిన నిర్వాహకుడికి ఏ అమరిక ఎక్కువ ఆధారాలను మిగులుస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఒక్క లోపం నిజమైనది: రూట్ లాజికల్ వాల్యూమ్ మీద ఉంటే ఆ తేదీల ఫైళ్లు కూడా రూట్‌లోనే చిక్కుకుంటాయి. పరిష్కారం ఆ ఫోల్డరును బూట్ పార్టిషన్‌లోకో మరో యంత్రానికో అప్పుడప్పుడు నకలు చేయడం. కొన్ని కిలోబైట్ల పని అది, అయినా దీన్ని చేసేవారు తక్కువ.

పేర్లు ఢీకొనడం గురించిన ఫిర్యాదులో కూడా నిజం ఉంది. ఒకే ఇమేజ్ నుంచి నకలు తీసిన రెండు వర్చువల్ యంత్రాల్లో ఒకటి చెడితే, దాని డిస్కును రెండోదానికి తగిలించి బాగుచేయడం మామూలు పద్ధతి. అప్పుడు రెండు డిస్కుల్లోనూ వాల్యూమ్ గ్రూపు పేరూ, దాని విశిష్ట సంఖ్యా ఒకటే కావడంతో ఎల్‌వీఎం వాటిని కలిపి చూపడానికి నిరాకరిస్తుంది. నకలుకు కొత్త గుర్తింపు ఇచ్చే వీజీఇంపోర్ట్‌క్లోన్ ఆదేశం ఇందుకోసమే ఉంది. కాని సాదా పార్టిషన్‌లో ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఉన్నవారికీ ఇదే సన్నివేశంలో ఇదే అడ్డంకి వస్తుంది, ఎందుకంటే ఒకే యూయూఐడీ ఉన్న రెండో ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ను కెర్నల్ ప్రత్యేక అనుమతి లేకుండా మౌంట్ చేయదు. నకళ్ల సమస్యను పొరల సమస్యగా చూపడం సరికాదు.

ఒక డిస్కు పోతే అంతా పోతుందన్న మాట మాత్రం హెచ్చరికగా విలువైనది. రెండు డిస్కులను ఒకే గ్రూపులో చేర్చి, రూట్ ఎక్స్‌టెంట్లు రెండింటి మీదా పరుచుకునేలా వదిలేస్తే, ఏ డిస్కు చెడినా రూట్ చెడుతుంది. ఇది అమర్చినవారి అజాగ్రత్త. ఏఐఎక్స్ నిర్వాహకులు రూట్‌వీజీని డేటా గ్రూపుల నుంచి వేరుగా ఉంచి, దాన్ని రెండో డిస్కు మీద మిర్రర్ చేయడం దశాబ్దాలుగా పాటిస్తున్నారు. లినక్స్‌లోనూ రూట్ గ్రూపును ఒకే డిస్కుకో ఒకే రెయిడ్ జతకో పరిమితం చేస్తే ఈ ఆక్షేపణకు ఆస్కారం ఉండదు. ఏఐఎక్స్ నుంచి లినక్స్ నేర్చుకోవలసినదాన్ని నేర్చుకోకపోవడం వల్ల వచ్చిన అపకీర్తి ఇది.

స్నాప్‌షాట్ల విషయంలో సమర్థకులు కూడా కొంత అతిగా మాట్లాడారు. స్నాప్‌షాట్ అంటే ఒక క్షణంలో వాల్యూమ్ ఉన్న స్థితిని నిలిపి ఉంచే రూపం. ఆ తరవాత అసలు వాల్యూమ్‌లో మారబోయే ప్రతి భాగపు పాత ప్రతిని ముందుగా పక్కన దాచడం ద్వారా అది సాధ్యమవుతుంది. అప్‌గ్రేడ్‌కు ముందు రూట్ స్నాప్‌షాట్ తీసి, పని చెడితే దాన్ని అసలులోకి విలీనం చేయవచ్చు. రూట్ వాడుకలో ఉంటుంది కాబట్టి విలీనం తరవాతి బూట్‌లో మొదలై, యంత్రం పాత స్థితితో నడుస్తుండగానే వెనక పూర్తవుతుంది. 2010లో వచ్చిన 2.6.33 కెర్నల్ నుంచి ఇది ఉంది. పార్టిషన్ మీది ఈఎక్స్‌టీ4కు గాని ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు గాని దీనికి సమానమైనది లేదు. కాని దీనికి హద్దులున్నాయి. దాచే చోటు నిండిపోతే స్నాప్‌షాట్ చెల్లదు. బూట్ డైరెక్టరీ విడి పార్టిషన్‌లో ఉంటే వెనక్కి వెళ్లిన రూట్‌లోని మాడ్యూళ్లకూ ముందున్న కెర్నల్‌కూ పొత్తు కుదరకపోవచ్చు. రెడ్‌హ్యాట్ తన పంపిణీల్లో ఇస్తున్న బూమ్ అనే సాధనం ఈ చిక్కును చూసుకోవడానికే బూట్ ఇమేజ్‌లను కూడా భద్రపరుస్తుంది. రూట్‌లోనే డేటాబేస్ ఉంటే అది కూడా గతానికి వెళ్లిపోతుంది. స్నాప్‌షాట్ బ్యాకప్ కాదు. డిస్కు చెడిననాడు అసలు వాల్యూమూ స్నాప్‌షాటూ కలిసే పోతాయి.

దీనికంటే తక్కువగా చెప్పుకునే, ఎక్కువ విలువైన సౌకర్యం పీవీమూవ్. పాత హార్డ్ డిస్కు హెచ్చరికలు ఇస్తోంది, దాని స్థానంలో కొత్త ఎస్‌ఎస్‌డీ పెట్టాలి. కొత్త డిస్కును గ్రూపులో చేర్చి పీవీమూవ్ నడిపితే, రూట్ ఎక్స్‌టెంట్లు ఒక్కొక్క విడతగా పాతదాని నుంచి కొత్తదానికి నకలవుతాయి. ఆ సేపటిలో జరిగే రాతలు రెండు చోట్లా పడతాయి. డేటాబేస్ నడుస్తూనే ఉంటుంది, లాగిన్ అయినవారికి ఏమీ తెలియదు. మధ్యలో కరెంటు పోతే తిరిగి లేచాక ఆగిన దగ్గరి నుంచి కొనసాగుతుంది. ముగిశాక బూట్ పార్టిషన్లను నకలు చేసి, బూట్‌లోడరును కొత్త డిస్కు మీద నెలకొల్పి, పాతదాన్ని గ్రూపు నుంచి తీసేయాలి; ఆ భాగం ఎల్‌వీఎం చేతిలో లేదు, మరచిపోతే యంత్రం లేవదు. పట్టికలను మార్చే క్షణంలో వాల్యూమ్ కొద్దిసేపు ఆగుతుంది. ఆ వాల్యూమ్ రూటే అయితే, ఎల్‌వీఎం ప్రోగ్రాము తన సొంత కోడ్‌ను కూడా ఆగిన డిస్కు నుంచి చదువుకోవలసి వచ్చి ప్రతిష్టంభనలో పడవచ్చు; అందుకే అది తన పేజీలన్నిటినీ ముందే మెమరీలో బంధించుకుంటుంది. రూట్ ఎల్‌వీఎం మీద ఉంటుందన్న ఎరుకతోనే దాన్ని రాశారనడానికి ఇంతకంటే స్పష్టమైన గుర్తు అక్కర లేదు.

ప్రతి యంత్రానికీ ఇదే అమరిక కావాలని ఈ వాదం కోరడం లేదు. క్లౌడ్‌లో ఒక టెంప్లేట్ నుంచి పుట్టి, పని అయ్యాక రద్దయ్యే వర్చువల్ యంత్రంలో రూట్ చివరి పార్టిషన్‌గా ఉండి, డిస్కు పెరిగితే బూట్‌లోనే దానంతటదే పెరుగుతుంది. అక్కడ లాజికల్ వాల్యూమ్ ఇచ్చే అదనపు ప్రయోజనం స్వల్పం. బీటీఆర్‌ఎఫ్‌ఎస్, జెడ్‌ఎఫ్‌ఎస్ వంటివి నిల్వను కలపడం, స్నాప్‌షాట్ తీయడం తమలోనే ఇముడ్చుకున్నాయి కాబట్టి వాటి కింద ఎల్‌వీఎం పెట్టడం వృథా. కాని బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌ను రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 2019 నాటి ఎనిమిదో విడుదలలో పూర్తిగా తొలగించింది. దాని మీద నడిచే సర్వర్లకు ఎక్స్‌ఎఫ్‌ఎస్, దాని కింద ఎల్‌వీఎం అన్నదే మామూలు మార్గం.

ఫెడోరా 2020 అక్టోబరులో తన 33వ విడుదలతో డెస్క్‌టాప్‌లకు బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌ను ఎంచుకోవడాన్ని ఎల్‌వీఎం ఓటమికి రుజువుగా చూపేవారున్నారు. ఆ మార్పుకు చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది, రూట్‌కూ హోమ్‌కూ మధ్య చోటు ఇరుక్కుపోవడం: ఇన్‌స్టాలర్ చాలా ఏళ్లపాటు రూట్‌కు 50 గిబీబైట్ల హద్దు పెట్టి మిగిలిన డిస్కునంతా హోమ్‌కు కట్టబెట్టేది, రూట్ నిండినవారు హోమ్‌లో ఖాళీ ఉన్నా వాడుకోలేకపోయేవారు. అలా పంచి పెట్టింది ఇన్‌స్టాలర్. వాల్యూమ్ గ్రూపులో ఒక్క ఎక్స్‌టెంటు కూడా మిగల్చకుండా అంతా రాసిచ్చాక దానికీ పార్టిషన్ పట్టికకూ భేదం పోతుంది. పెంచడానికి ముక్కలుండవు, స్నాప్‌షాట్‌కు చోటుండదు.

దీనికి భిన్నంగా ఉబుంటు సర్వర్ ఇన్‌స్టాలర్ 20 నుంచి 200 గిబీబైట్ల డిస్కులో సుమారు సగాన్ని, అంతకంటే పెద్దదానిలో 100 గిబీబైట్లను మాత్రమే రూట్‌కు ఇచ్చి మిగిలినదాన్ని గ్రూపులో ఖాళీగా ఉంచుతుంది. దీన్ని లోపమని భావించి, ఇన్‌స్టాల్ అయిన మరుక్షణమే మిగిలినదంతా రూట్‌కు ధారపోయమని సలహా ఇచ్చేవారు ఎక్కువ. ఆ సలహా పాటించినవారు తమకున్న సౌకర్యాన్ని తామే వదులుకుంటున్నారు, అది కూడా సులభంగా తిరిగి రాని విధంగా: పెంచడం నడుస్తుండగానే సెకన్లలో జరుగుతుంది గాని, ఈఎక్స్‌టీ4 రూట్‌ను తగ్గించాలంటే యంత్రాన్ని ఆపి బయటి నుంచి చేయాలి, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ను తగ్గించడం ఆచరణలో సాధ్యం కాదు. రూట్‌కు ఇవాళ్టి అవసరానికి కొంత మించి ఇచ్చి, ఒక అప్‌గ్రేడ్ స్నాప్‌షాట్‌కు సరిపడా, ఒకసారి పెంచడానికి సరిపడా ఎక్స్‌టెంట్లను గ్రూపులో మిగల్చాలి. ఇన్‌స్టాలర్లు ఆ పరిమాణాన్ని తమంతట తాము నిర్ణయించకుండా, అది ఎందుకు మిగులుతోందో తెరమీద ఒక వాక్యంలో చెప్పి, ఎంత మిగల్చాలో వాడేవారిని అడగాలి.